ఇద్దరు షోకోలు, ఒక నీటిమడి

షోకో అంటే ఇంట్లో ఆఖరి ఆడపిల్ల. సరస్సు ఒడ్డున ఉన్న ఆ పేటలో ఏ గుమ్మం ముందు నిలబడి షోకో అని పిలిచినా ఎవరో ఒకరు పలుకుతారు. మగపిల్లలకు డేగలనీ పులులనీ ఏరి పేర్లు పెట్టే పెద్దలు, ఆడపిల్ల పుడితే మాత్రం పెద్దది, నడిపిది, ఆఖరిది అని సరిపెట్టేవాళ్లు. స్పానిష్ ఫాదరు వచ్చాకైనా మారిందా అంటే, ఆయన అందరినీ వరుసగా నిలబెట్టి మరియా అంటూ నీళ్లు చల్లేశాడు.

అందుకే అరవై దాటిన మరియా షోకో ఇప్పుడు చిక్కులో పడింది. సరస్సు నీళ్లలో మట్టి పోసి కట్టిన నీటిమడి ఒకటి అమ్మ ఆమెకిచ్చింది. అది "మా మేనత్త మరియా షోకోది" అంటూ పొరుగింటి గాస్పర్ స్పానిష్ దొర కచేరీ ఎక్కాడు. మడి పోతే ఆమెకు పొయ్యి వెలగదు.

కచేరీకి బొమ్మల పత్రం కావాలి. పేటలో చిత్రకారుడు తోరిబియో ఒక్కడే, కాబట్టి రెండిళ్లకూ అతనే గీశాడు. బెరడు కాగితం మీద మడి, దాని పక్కన మోకాళ్ల మీద కూర్చున్న తల్లి, ఆమె నుంచి గీత, గీత చివర రెండు కొప్పుల కూతురు, తల దగ్గర షోకో పేరుకు గుర్తుగా, వాళ్ల భాషలో పులుపన్న మాటా అలాగే పలుకుతుంది కనుక, చిన్న పుల్లటి పండు. రెండూ ఎండలో ఆరేసి చూసుకుని తల పట్టుకున్నాడు. ఏది ఎవరిదో అతనికే తెలియలేదు.

రెండిళ్లవాళ్లకూ కబురు వెళ్లింది. అందరూ తోరిబియో ముంగిట్లో చేరారు.

"ఈ రెంటిలో నేనేదయ్యా?" అంది షోకో.

"అదే నేనూ అడుగుతున్నానత్తా. నీదని చెప్పే గుర్తు ఒక్కటివ్వు, వేస్తా."

షోకోకి ఇన్నేళ్ల బతుకులో తనదంటూ ఒక్క గుర్తు లేదా అని కళ్లు చెమ్మగిల్లాయి.

గాస్పర్ మేనత్త, ఆ రెండో షోకో, కాగితం మీదికి వంగింది. "ఇది ఏ మడిరా గాస్పరూ?"

"మనదే అత్తా. కాలవ పక్కది."

"కాలవ పక్కదా? నీ మొహం. చిన్నప్పుడు చీకట్లో దాంట్లో మిరపకాయలు దొంగతనం చేస్తే ఇదిగో, ఈ షోకోనే నన్ను గట్టు పొడుగునా తరిమింది. మన మడైతే నేనెందుకు పరిగెత్తుతానురా?"

గాస్పర్ నేల చూపులు చూశాడు. ముంగిట్లో అందరూ పడీపడీ నవ్వారు.

తోరిబియో కుంచె తీశాడు. దారి చూపడానికి పాదాల గుర్తులు వేయడం అతనికి నీళ్లు తాగినంత తేలిక. ఒక కాగితంలో మడి గట్టు మీద ఆ పాదాలు రెండు వరసలు వేసి, ముందు వరస చివర మిరపకాయ గీశాడు.

"దూరందూరంగా వెయ్యి," అంది రెండో షోకో. "నేను నడవలేదు, ఉరికాను."

"నన్ను ఇంకాస్త దగ్గరగా వెయ్యి," అంది షోకో. "దీని జడ పట్టుకున్నాను కదా."

ఆరిన కాగితాన్ని షోకో రెండు చేతులా ఎత్తి పట్టుకుంది. ఎన్ని ఇళ్ల పత్రాల్లో చూసినా ఆడవాళ్లంతా మోకాళ్ల మీదే కూర్చుని ఉంటారు. ఇందులో తను పరిగెత్తుతోంది. సంతోషంతో ఆమెకు కాలు నిలవలేదు.

"ఒసే," అంది చిన్ననాటి ఆ స్నేహితురాలితో, "మిరప కాపుకొచ్చింది. ఈసారి పగలే వచ్చి కోసుకో."