బిందెల వరస

రెండువేల పంతొమ్మిది వేసవిలో, చెన్నై చింతాద్రిపేటలోని మా వీధికి నేనే ప్రభుత్వం. నన్నెవరూ ఎన్నుకోలేదు. బోర్లు ఎండిపోయి, చేతిపంపు కొడితే గాలి మాత్రమే వచ్చే రోజులవి. నీళ్ళ లారీ రెండు రోజులకొకసారి వచ్చేది. అది వచ్చినప్పుడు జుట్లు పట్టుకోకుండా ఉండాలంటే ఎవరో ఒకరు గొంతు పెంచాలి. నాకు గొంతు ఉంది, పెంచాను. పక్కనే కూవం నది ఉందిగానీ దాని దగ్గర ముక్కు మూసుకోవడమే తప్ప బిందె ముంచడం కుదరదు.

మా పద్ధతి ఇది. పొద్దున్నే ఇంటికొక బిందె తెచ్చి వీధి మొదట్లో వరసగా పెడతాం. ఆ బిందె ఆ ఇంటి మనిషితో సమానం. దాన్నెవరూ జరపరు, దాటి ముందుకు పోరు. మనిషి ఇంటికెళ్ళి పిల్లలకు జడలు వేసుకోవచ్చు, పొయ్యి మీద పప్పు చూసుకోవచ్చు. లారీ వచ్చాక వరస ప్రకారం ఇంటికి నాలుగు బిందెలు. కానీ పైపు విప్పే వేళకు బిందె పక్కన మనిషి ఉండి తీరాలి. లేకపోతే ఆ బిందె చివరికి పోతుంది. ఈ ఆఖరి షరతు నాది. బిందె పెట్టేసి హాయిగా పడుకుని, లారీ హారన్ విన్నాక ఆవులిస్తూ వచ్చే మహారాణులు మా వీధిలో నలుగురున్నారు. వాళ్ళ కోసం పెట్టాను.

వరసలో ఒకే ఒక్క మగమనిషి ఆదికేశవులన్న. డెబ్బై దాటాయి. ముప్ఫై ఏళ్ళు పాత పేపర్ల కొట్టు నడిపాడు. తూకానికి వచ్చిన ప్రతి కాగితమూ చదివాకే కట్ట కట్టేవాడట. అందుకే కొట్టు బాగుపడలేదని ఆయనే నవ్వుతూ చెప్పేవాడు. మా వీధికి వచ్చి రెండేళ్ళయింది. భార్య చెల్లమ్మకు మోకాళ్ళు బాగాలేవు, గుండె అంతకన్నా బాగాలేదు. మేడ మీది గది దిగి రాలేదు. మేమెవరమూ ఆమెను చూడలేదు. చూడ్డానికి మెట్లు ఎక్కాలి గదా, ఎక్కలేదు.

లారీ తొమ్మిదికి రావచ్చు, పదకొండుకు రావచ్చు. అంతసేపు ఆయన మాకు కథలు చెప్పేవాడు. కథలు కూడా కాదు, ఎక్కడెక్కడో ఎప్పుడో నిజంగా జరిగిన వింతలు.

“అమెరికాలో బోస్టన్ అని ఒక ఊరు. సరిగ్గా నూరేండ్ల కిందట ఆడ బెల్లప్పాకం వరదొచ్చింది మ్మా. పాకం మాదిరి నల్లటి మడ్డి. ట్యాంకు పగిలి వీధుల్లో పారింది. ఇరవై ఒక్క మంది పోయినారు.”

“కోతలు కొయ్యబాక అన్నా. పాకంలో ఎవరన్నా సస్తారా?” అంది కుట్టుమిషన్ రంజని. వెంటనే ఫోన్ తీసి వెతికింది. కాసేపటికి ఆ ఫోన్ వరసంతా తిప్పి చూపించింది.

ఆస్ట్రేలియా సైన్యం తుపాకులు పట్టుకుని ఈమూ పక్షుల మీదికి యుద్ధానికెళ్ళి ఓడిపోయి వచ్చిందని ఆయన చెప్పాకే మాకు తెలిసింది. మన బకింగ్‌హాం కాలవలో ఈ ఊరి ముక్కను పెద్ద కరువులో జనానికి కూలి దొరకడం కోసమే తవ్వించారని కూడా. నీళ్ళు లేని ఏడు తవ్విన కాలవ అని పక్కింటి మునియక్క వారం రోజులు ఆశ్చర్యపోయింది. లిఫ్టు ఎక్కిన మనుషులంతా తలుపు వైపే తిరిగి నిలబడతారు, ఎవరైనా గోడ వైపు తిరిగితే మిగతావాళ్ళకు కాళ్ళూ చేతులూ ఆడవు అన్నాడొకసారి. నేనూ రంజనీ పురసవాక్కం బట్టల షాపు లిఫ్టులో పరీక్ష చేశాం. మూడో అంతస్తు వచ్చేసరికి ఒకాయన మాతోపాటు గోడ వైపు తిరిగేశాడు. అంత నవ్వి ఎన్నేళ్ళయిందో.

“ఇది మా ఇంటిది పాస్ చేసిన ఐటెం మ్మా,” అనేవాడు ప్రతిదానికీ. ముందు చెల్లమ్మకు చెప్పాలి. ఆమె నవ్వితేనో, అయ్యో అంటేనో మా వరసకు వచ్చేది. ఆమెకు రుచించనిది మా దాకా రాదు.

జూన్ నెల చివర్లో ఒకరోజు. ఎండ పొద్దున్నే మాడుస్తోంది. ఆయన స్ట్రాస్‌బర్గ్ అనే ఊరి సంగతి ఎత్తుకున్నాడు.

“ఐదొందల ఏండ్ల కిందట. ఒకామె వీధిలోకొచ్చి డాన్సు ఆడను మొదలుపెట్టింది. పాట లేదు, మేళం లేదు. నిలపతా లేదు. ఒక దినం, రెండు దినాలు. వారం తిరిగేలోపల ఇంకా ముప్పైమంది చేరినారు. ఎందుకు ఆడతా ఉండారో వాళ్ళకే తెలీదు...”

అక్కడ జేబులో ఫోన్ మోగింది. చూసుకుని “ఇప్పుడే వస్తా” అని ఆయన ఇంటివైపు వెళ్ళిపోయాడు. ఆ డాన్సు చేసేవాళ్ళు ఏమయ్యారో తెలియక మేమంతా ఉసూరుమన్నాం.

ఎప్పుడూ ఆలస్యంగా వచ్చే లారీ ఆ రోజే పెందలాడే వచ్చింది. డ్రైవర్ పైపు విప్పాడు. ఆదికేశవులన్న ఆకుపచ్చ బిందె పక్కన మనిషి లేడు.

“ఇంకొంచేపు చూద్దామే,” అంది మునియక్క.

“రూలంటే రూలే. మొన్న లేటుగా వచ్చిన జననికి ఒక రూలు, ఈయనకొకటా?” అని నేనే ఆ బిందె ఎత్తి చివర పెట్టాను. నిజం చెప్పాలంటే నా కోపంలో సగం ఆ వింత మధ్యలో వదిలేసి పోయినందుకే.

ఆయన వచ్చేసరికి వరస సగానికి పైగా అయిపోయింది. చెమటలు కారుతున్నాయి. ఏదో చెప్పబోయాడు. నేను చెప్పనివ్వలేదు.

“ఏంన్నా, మమ్మల్ని ఈడ కథలో నిలబెట్టేసి నువ్వు షికారు పోతావా? పెద్దోడివని నీ బిందెకి ఆకాశంలోంచి పోస్తారా నీళ్ళు?”

“సరి మ్మా, సరి. నీ మాట కరెక్టే,” అని నవ్వి చివరికెళ్ళి నిలబడ్డాడు. ఆయన ముందు ఇంకా ముగ్గురు ఉండగానే లారీలో నీళ్ళు అయిపోయాయి. ఖాళీ బిందె చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు. నా నాలుగింటిలో ఒకటి ఇద్దామా అని నాకు తోచింది. తోచింది అంతే, ఇవ్వలేదు.

మధ్యాహ్నం మూడింటికి రంజని పరుగెత్తుకుంటూ వచ్చింది.

“అక్కా, చెల్లమ్మ వదిన పోయిందంట. పొద్దున ఆయాసమొచ్చి ఫోన్ చేసిందే అన్నకి, అప్పుడే మాత్ర ఇచ్చి పడుకోబెట్టి వచ్చినాడంట. భోజనం వేళకి మళ్ళీ ఆయాసమొచ్చింది. ఆంబులెన్సు వచ్చేలోపలే...” కళ్ళు తుడుచుకుంది. “కిందికి తెచ్చి పడుకోబెట్టినారు. తలకి పొయ్యను ఇంట్లో చెంబుడు నీళ్ళు లేవంటక్కా. అన్న మనల్నెవర్నీ అడగబాకండి అంటా ఉండాడు.”

ఆ ఇంట్లో ఉండవలసిన నీళ్ళను నా రెండు చేతులతో ఎత్తి అవతల పెట్టాను. నా మీద నాకు ఎప్పుడూ అంత అసహ్యం వెయ్యలేదు.

వంటింట్లో నాలుగు బిందెలు మూతలు వేసి ఉన్నాయి. ఒకటి ఎత్తుకుని బయటికి వచ్చాను. ఎవర్నీ పిలవలేదు. పిలిచే మొహం లేదు. నేను ఆ ఇంటికి చేరేసరికి మునియక్క నాకన్నా ముందే ఉంది. వెనక జనని, రంజని, ఆవులిస్తూ వచ్చే ఆ నలుగురు మహారాణులు కూడా. మళ్ళీ లారీ ఎల్లుండిగాని రాదు. అయినా ఒక్కరూ సగం బిందె తేలేదు. అలవాటు చొప్పున గుమ్మం ముందు వరసగా బిందెలు దించి, పక్కనే నిలబడ్డారు. నేను వెళ్ళి అందరికన్నా చివర నిలబడ్డాను.

ఆదికేశవులన్న బయటికి వచ్చాడు. వరసంతా చూశాడు. నేరుగా నా దగ్గరికి నడిచి వచ్చాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

“అన్నా, నేను...” అన్నాను. గొంతు రాలేదు. ఊరంతటికీ వినిపించే నా గొంతు.

“నువ్వు ముందుకు రా తల్లీ. నువ్వే ముందు పొయ్యాల.”

“వద్దన్నా. నాకు ఆ అర్హత లేదు. ఆయమ్మని ఒక్కసారన్నా వచ్చి చూడలేదు నేను.”

“నువ్వు చూడకపోతే ఏం? ఆమెకి నువ్వు బాగా తెలుసు. నేను బోస్టనంటా, ఆస్ట్రేలియా అంటా చెప్తే ఊ కొట్టేది. ఊరికే, నాకోసం. నేను వరసలో నుంచి ఇంటికి పోతానే, ఆమె అడిగే మొదటి మాట ఒకటే. ‘ఈ పొద్దు రాజలక్ష్మి ఎవర్ని తిట్టింది?’ నువ్వు అన్నది అన్నట్టు చెప్పాల. ఒక మాట తప్పినా ఒప్పుకోదు. ఆ గదిలో రెండేండ్లు... నీ తిట్లతోనే మ్మా ఆమెకి పొద్దుపోయేది.”

నేను ఏడుస్తున్నాను. ఏడవడానికి సిగ్గుపడలేదు.

“ఈ పొద్దు వొట్టి బిందెతో పోయినా గదా. నీళ్ళేవి అనలా. అదే మాట అడిగింది. నన్నే తిట్టింది అన్నా. ఆకాశంలోంచి పోస్తారా అనిందని చెప్పినా. ఆయాసంలోనే కండ్లెంబడి నీళ్ళొచ్చేదాకా నవ్వింది. ఆ నవ్వే నేను చూసిన కడపటి నవ్వు. రా, నువ్వే పొయ్యి.”

మునియక్క నా బిందెకు ఒక చెయ్యి వేసింది. ఇద్దరం లోపలికి తెచ్చాం. వెనక వాకిట్లో బల్ల మీద చెల్లమ్మను పడుకోబెట్టారు. చిన్న మనిషి. చెవులకు ఎర్రరాళ్ళ కమ్మలు. ఆమె మొహం అప్పుడే చూడడం. చెంబుతో నీళ్ళు ముంచుకుని తల దగ్గర నిలబడ్డాను. పోసే ముందు ఆమె చెవి దగ్గరికి వంగాను.

“చెల్లమ్మా, నేనే, రాజలక్ష్మిని,” అన్నాను.