మూడో స్నానం

పప్పు గిన్నె దించబోతుండగా సూర్యకళ కడుపులో మళ్లీ మెలిపెట్టింది. తెల్లవారినప్పటి నుంచి ఇది మూడోసారి. ధవళేశ్వరంలో ఆ ఇంటి మడి అలాంటిలాంటిది కాదు. దొడ్లోకి వెళ్లొస్తే మళ్లీ తలమీద నీళ్లు పోసుకుని, మడిచీర మార్చుకుని గానీ కోడలు వంటింటి గడప తొక్కకూడదు. నైవేద్యం కానిదే మామగారు మెతుకు ముట్టరు, భర్త శివరామకృష్ణకి క్యారేజీ కట్టడానికీ వీల్లేదు. కోడలు కాపురానికొచ్చిన నాటినుంచీ అత్తగారు శ్యామలాంబకి పొయ్యి సెగ పడటం లేదు. వీధి చివర ఆగే మెడికల్ కాలేజీ బస్సుకి మాత్రం ఎవరి మడితోనూ పనిలేదు.

"మళ్లీనా? డాక్టరు చదువు చదివేదానివి, తిన్నది అరిగించుకోలేవేంటమ్మా?" అన్నారు అత్తగారు.

మూడో స్నానం చేసి, వంట ముగించి, తడిజుట్టుతో పరుగెత్తేసరికి బస్సు వెళ్లిపోయింది. ఆటోలో చేరేసరికి ఫైనలియర్ ప్రాక్టికల్స్ మొదలైపోయాయి. ఎగ్జామినర్ లోపలికి రానివ్వలేదు. ఆర్నెల్ల చదువు గంగలో కలిసింది.

శివరామకృష్ణ రాజమండ్రిలో పెద్ద డాక్టరుకి చూపించాడు. పరీక్షలన్నీ నార్మల్. పేగుకి రోగం లేదు, ఆందోళనకి అది అలా తిరగబడుతోంది, ఇంట్లో కాస్త తెరిపి ఇవ్వండి అన్నాడాయన. ఇంటికొచ్చి శివరామకృష్ణ చెప్పింది ఒక్క ముక్కే. "ఏ జబ్బూ లేదటమ్మా." ఆ రోజుతో ఆమెకి కడుపునొప్పి అనే హక్కు కూడా పోయింది.

క్లాసులో ప్రొఫెసర్ ఈ పేగు బాధ గురించే పాఠం చెబుతూ, ఇది మీలో ఎంతమందికి ఉందని అడిగితే సగం చేతులు లేచాయి. అందరూ నవ్వుకున్నారు. పరీక్షల రోజుల్లో లేడీస్ హాస్టల్ బాత్‌రూముల ముందు క్యూ ఎవరికి తెలియదు గనక. సూర్యకళ ఒక్కతే చెయ్యెత్తలేదు. పక్కన కూర్చున్న రెబెక్కాకి అన్నీ తెలుసు.

"పరీక్షలైపోతే మా కడుపులు ఊరుకుంటాయే. నీ పరీక్షలెప్పుడు అవుతాయి?" అంది మెల్లిగా.

సూర్యకళకి ఏడుపొచ్చింది.

ప్రాక్టికల్స్ మళ్లీ వచ్చాయి. ముందురోజు పొద్దున్నుంచే ఆమె తిండి మానేసింది. ఖాళీ కడుపు కూడా మెలిపెట్టింది గానీ, దొడ్లోకి తరమలేకపోయింది. ఒక్క స్నానంతో వంటయింది, బస్సు దొరికింది, పాసయింది. హౌస్ సర్జన్సీలో చేరాక డ్యూటీ ఉన్న రోజులకీ అదే పద్ధతి పెట్టుకుంది. గాజులు మోచేతిదాకా జారుతున్నాయి.

ఒకరోజు వీధరుగు మీద అత్తగారు పక్కింటి రత్నమాణిక్యంతో చెప్పుకుని మురిసిపోతున్నారు. "ఇంత చదివినా మా కోడలి భక్తి చూడండి. వారానికి నాలుగు రోజులు ఉపవాసమేనండి."

వంటింట్లో సూర్యకళ ఆ మాట విని గరిటె పక్కన పెట్టింది. మిగిలిన మూడు రోజులూ కూడా తిండి మానేస్తే ఎంత సుఖం అనుకుంది.