కళ్లు కట్టేసిన తలుపు

మా ఊళ్లో వీధి తలుపు ఎవరూ వాడరు. నవంబరులో మంచు మొదలవగానే దానికి లోపలినుంచి ప్లాస్టిక్ కాగితం అంటించేస్తాం. ఇక మార్చి దాకా దాని ముందు నడుము లోతు మంచు పేరుకుని ఉంటుంది. రాకపోకలన్నీ గ్యారేజీలోంచే. మరి ఆ రోజు ఇంట్లోకి వెళ్లడానికి ఇంకో దారి లేదా అని మీరు అడుగుతారని ముందే చెబుతున్నాను. లేదు.

ఇనప గనిలో ముప్ఫై ఎనిమిదేళ్లు మెకానిక్కుగా చేశాను. ఇల్లంత లారీలు విప్పి బిగించినవాణ్ణి. గ్యారేజీ తలుపు కోసం ఊళ్లోంచి మనిషిని పిలిపిస్తానా? మా ఆవిడ మార్లిస్ పిలిపించమనే చెప్పింది. నేను పట్టిన కుందేటికి మూడే కాళ్లు.

గురువారం రాత్రి భోజనాల దగ్గర గ్యారేజీ వైపు నుంచి తుపాకీ పేలినట్టు ఒక చప్పుడు వచ్చింది. బయట సున్నాకి ముప్ఫై నాలుగు డిగ్రీలు కింద ఉంది.

"ఏదో విరిగింది రైనో," అంది మార్లిస్, ఫోర్కు కింద పెట్టి.

"చలికి ఇంటి దూలాలు బిగుసుకుంటున్నాయి. ఏటా జనవరిలో వినేదేగా."

"దూలాలు ఇలా అరవవు."

"నువ్వెప్పట్నుంచి మెకానిక్కువి అయ్యావు?" అన్నాను. ఆమె మళ్లీ ఫోర్కు అందుకుంది. నేను గెలిచాననుకుని ఇంకో ముక్క మాంసం వడ్డించుకున్నాను.

మా గ్యారేజీ తలుపు బటన్ నొక్కితే మోటారుతో పైకి లేచేది; మర్నాడు పొద్దున అది మూలుగుతూ సగం లేచి ఆగిపోయింది. రెండోసారి నొక్కితే ఎలాగో పైకి పోయింది. దించబోతే చివరిదాకా వచ్చి, మనసు మార్చుకున్నట్టు మళ్లీ పైకి లేచింది. చలి అనుకున్నాను. చలికి గ్రీజు బంకలా అయిపోతుంది, అందుకని పట్టాలన్నీ తుడిచి పల్చటి నూనె కొట్టాను. తలుపు అడుగున ఉండే రబ్బరు నేలకి అతుక్కుంటుంది, అందుకని మంచు గీకేసి ఉప్పు చల్లాను. అయినా అదే తంతు. తలుపుకి అటూ ఇటూ, చీలమండల ఎత్తులో, రెండు చిన్న కళ్లుంటాయి. ఒకదాన్నొకటి చూసుకుంటుంటాయి. మధ్యలో పిల్లో మనిషో అడ్డొస్తే తలుపు ఆగి పైకి పోతుంది. వాటి మీద మంచు పొర పేరుకుంటోంది. తుడిస్తే గంటలో మళ్లీ వస్తోంది.

శనివారం సాయంత్రానికి నాకు ఓపిక చచ్చిపోయింది. ఆ రెండు కళ్లనీ గోడలమీంచి ఊడదీసి, ఎదురెదురుగా పెట్టి, నల్ల టేపు చుట్టి, ఖాళీ కాఫీ డబ్బాలో వేసి పై అరలో పెట్టేశాను. ఇక జీవితాంతం అవి ఒకదాన్నొకటి చూసుకుంటూ ఉంటాయి, మధ్యకి ఎవరూ రారు. మోటారు వెనక బలం పెంచే మర ఒకటుంటుంది, దాన్ని ఆఖరి గీత దాకా తిప్పాను. బటన్ నొక్కగానే తలుపు కిక్కురుమనకుండా లేచింది, కిక్కురుమనకుండా దిగింది.

మార్లిస్ తన నడక సాయం చట్రం, ఆ వాకర్ పట్టుకుని గుమ్మంలో నిలబడి చూసింది. నవంబరులో ఆమెకి తుంటి ఎముక మార్చారు. రోజూ నడవమన్నారు. బయట మంచు మీద నడిస్తే ఇంకో తుంటీ పోతుంది గనక, నేను బండి తీయగానే ఖాళీ అయిన గ్యారేజీలో ఇరవై చుట్లు తిరుగుతుంది.

"దాని కళ్లు కట్టేశావు," అంది.

"తలుపుకి కళ్లెందుకు? నోరు మూసుకుని పడితే చాలు."

"నీకు తగ్గ తలుపే," అని లోపలికి పోయింది.

ఆదివారం ఉదయం ఎనిమిదిన్నరకి కాఫీకి బయల్దేరాను. పదకొండు మైళ్ల అవతల, పాత రైల్వే స్టేషను పక్కన హోటల్లో రిటైరైన గని వాళ్లం పోగవుతాం. పికప్ బండి బయటికి తీసి, రోడ్డెక్కుతూ రిమోట్ నొక్కాను. అంతకు ముందు రెండు రోజులూ, తలుపు నేలకి ఆనేదాకా వాకిట్లో ఆగి చూసేవాణ్ణి. ఇప్పుడు అక్కర్లేదుగా. అద్దంలో మార్లిస్ ఎర్ర కోటు కనిపించింది, చెయ్యి ఊపుతోంది. మా వైపు పలకరింపు అదే, స్టీరింగు మీంచి రెండు వేళ్లు ఎత్తాను. ఎంతో తృప్తిగా వెళ్లాను, ఇప్పుడు తల్చుకుంటే ఒళ్లు మండుతుంది.

హోటల్లో స్టాంకో నా కోసం కాఫీ పోయించి ఉంచాడు. గనిలో నాకు పాతికేళ్ల జోడీ వాడు. వాళ్లావిడ చేసిన వాల్‌నట్ రొట్టె పొట్లం విప్పాడు.

"ఏంట్రా రైనో, తలుపు దారికొచ్చిందా? లేక కిటికీలోంచి దూకొచ్చావా?"

"దాని నడ్డి విరిచాను," అని అంతా చెప్పాను. గ్రీజు, ఉప్పు, మర, కాఫీ డబ్బా.

స్టాంకో నవ్వలేదు. రొట్టె ముక్క పట్టుకున్న చెయ్యి అలాగే ఉంది.

"కళ్లు లేకుండా, బలం ఆఖరికి తిప్పి పెట్టావా?"

"అవును."

"మార్లిస్ నడిచేది అక్కడే కదరా."

"నడుస్తుంది. దానికేం? నేనొచ్చేప్పుడు గుమ్మంలోనే ఉంది. టాటా కూడా చెప్పింది."

ఆ మాట నా నోట్లోంచి వచ్చాక నా చెవిన పడింది. టాటా. పెళ్లయి నలభై ఆరేళ్లు. మార్లిస్ నన్ను ఎప్పుడు సాగనంపింది? గనిలో రాత్రి షిఫ్టులకి వెళ్లేటప్పుడు కూడా తల తిప్పేది కాదు. "పోతే పో, అన్నం డబ్బా మర్చిపోకు," అంతే. ఆవిడ చెయ్యి ఊపిందంటే టాటా చెప్పడానికి కాదు.

 ఫోన్ తీసి ఆవిడకి చేశాను. మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్లీ చేశాను. ఒకసారి తప్పు పేరు నొక్కాను.

"పక్కింటి హార్జూ వాళ్లకి చెయ్యి," అన్నాడు స్టాంకో.

"చలికాలం గడపడానికి అరిజోనా పోయారు. ఏప్రిల్ దాకా రారు."

"అయితే అంబులెన్సుకి చెప్పు."

"ఏమీ లేకపోతే? ఊరంతా నవ్వుతుంది. ముందు నేను చూస్తాను," అని లేచాను. అంత భయంలోనూ నాకు పరువే గుర్తొచ్చింది. మా వైపు వాళ్లం చావనైనా చస్తాం గానీ ఎవర్నీ శ్రమ పెట్టం. స్టాంకో నా వెనకనుంచి ఏదో అన్నాడు, వినిపించుకోలేదు.

ఆ పదకొండు మైళ్లూ ఎలా పోయానో నాకు తెలీదు. రోడ్డు మీద మంచు గాజులా ఉంది. వేగంగా వెళితే గోతిలో పడతాను, మెల్లిగా వెళితే ఆవిడ అక్కడ. అక్కడ అంటే ఎక్కడ? ఆ మాట దాటి ఆలోచించడానికి మనసు ఒప్పలేదు. స్నానాల గదిలో ఉండి ఉంటుంది అన్నాను పైకే. ఫోన్ సోఫా సందులో పడి ఉంటుంది అన్నాను. చిన్నప్పుడు మా అమ్మ వాళ్ల ఫిన్నిష్ భాషలో నేర్పిన ప్రార్థన మొదలుపెట్టాను. రెండో పాదం గుర్తు రాలేదు. మొదటిదే అంటూ పోయాను.

వాకిట్లోకి తిరగగానే చూశాను. తలుపు నేలకి ఆనలేదు. మూరెడు ఎత్తులో ఆగి ఉంది. దాని కింద వాకర్ అడ్డంగా పడి, నడుము విరిగినట్టు వంగిపోయి ఉంది. ఆ వాకర్ కింద ఊలు మేజోడు తొడుక్కున్న కాలు.

 మంచులో బోర్లా పడుకుని లోపలికి చూశాను. వాకర్ బుట్టలో ఫోన్ ఉంది. మార్లిస్ వెల్లకిలా పడుకుని ఉంది. పెదాలు నీలంగా ఉన్నాయి. కళ్లు తెరిచే ఉన్నాయి.

"వచ్చావా," అంది. గొంతు గుసగుసలా ఉంది. "ఫోన్ మోగుతుంటే వింటూనే ఉన్నా. అందలేదు."

"కాలు?"

"తెలీడం లేదు. చల్లగా ఉంది."

జేబులోంచి రిమోట్ తీశాను. బొటనవేలు బటన్ మీద పెట్టి ఆగిపోయాను. తలుపు దిగుతూ దిగుతూ బిగుసుకుని ఆగింది. ఇప్పుడు నొక్కితే పైకి పోతుందో, కిందికే పోతుందో? బాగున్న యంత్రమైతే చెప్పగలను. దీన్ని చెడగొట్టింది నేను. కిందికి అంగుళం దిగిందంటే ఆ వాకర్ ఆగదు, దాని కింద కాలూ మిగలదు. పది తరాల లారీలు విప్పినవాణ్ణి, ఒక బటన్ నొక్కడానికి నా చెయ్యి రాలేదు.

"నొక్కకు," అంది మార్లిస్, నా మొహం చూసి.

రిమోట్ మంచులో పారేసి, ఆ సందులోకి తల దూర్చాను. నా పొట్టకి ఆ సందు చాలదు. కోటు విప్పేశాను. చలి చొక్కాలోంచి చురకత్తిలా దిగింది. నడుము దాకా దూరాక తలుపు అంచు నా వీపుని నొక్కింది, వాకర్ కీచుమంది. ఊపిరి బిగబట్టాను. నేను కళ్లు కట్టిన తలుపు కిందే నేను పడుకుని ఉన్నాను, నన్నూ అది చూడదు. ఏడుపొచ్చింది, ఏడవడానికి కూడా ఛాతీ ఆడే చోటు లేదు. ఎలాగో పాకి లోపలికి పడ్డాను.

మోటారు దగ్గర ఎర్ర తాడు వేలాడుతుంటుంది. దాన్ని లాగితే తలుపుకీ మోటారుకీ సంబంధం తెగిపోతుంది, చేత్తో ఎత్తేయొచ్చు. ప్రతి మెకానిక్కూ చేసేది అదే. లేచి తాడు అందుకున్నాను.

"రైనో," అంది మార్లిస్. ఆమె గొంతు ఇంత గట్టిగా ఎలా వచ్చిందో. "తాడు ముట్టుకోకు. పైకి చూడు."

చూశాను. తలుపు పైన గోడకి ఇనప కడ్డీ, దాని మీద రెండు లావు స్ప్రింగులు. తలుపు బరువంతా మోసేవి అవే. ఎడమ చేతి స్ప్రింగు మధ్యలో బెత్తెడు ఖాళీ ఉంది. గురువారం రాత్రి పేలింది అది. రెండు రోజులు తలుపు మూలిగింది చలికి కాదు, సగం బరువు మోసేవాడు లేక. తాడు లాగి ఉంటే ఆ బరువంతా ఒక్కసారిగా ఆమె కాలి మీదికి వచ్చేది.

నా చెయ్యి తాడు మీంచి దానంతటదే జారిపోయింది.

"పొద్దున నువ్వు బండిలో ఎక్కాక చూశా," అంది. "నడుస్తూ తలెత్తితే కనిపించింది. ఆపుదామని నీ వెనకాలే వచ్చా. పిలిచా, చెయ్యి ఊపా. నువ్వు వేళ్లెత్తావు."

తలుపుని ఎత్తడానికి ఏమైనా ఉందా అని చుట్టూ వెతికాను. 

గోడవార బండి ఎత్తే పాత జాకీ ఉంది. దాన్ని ఈడ్చుకొచ్చి తలుపు అంచు కింద పెట్టి పిడి కొట్టడం మొదలుపెట్టాను. జాకీలో నూనె చలికి తేనెలా అయిపోయింది. పదిసార్లు కొట్టినా కదల్లేదు. ఇరవైసార్లు. "రా, రా, నీ కాళ్లు పట్టుకుంటా రా," అని జాకీని బతిమాలాను. మెల్లిగా లేచి తలుపుకి ఆనింది. రెండో వైపు పొయ్యి కట్టెలు పేర్చాను. అప్పుడు, కళ్లు మూసుకుని, తాడు లాగాను. తలుపు గుర్రుమని వేలెడు దిగి జాకీ మీద కూచుంది. మార్లిస్ కెవ్వుమంది. మళ్లీ పిడి కొట్టాను, కట్టె దూర్చాను, కొట్టాను. వాకర్ వదులైంది. కాలు లాగాను.

నా చొక్కా కూడా విప్పి ఆ కాలికి చుట్టి, ఆమెని ఒళ్లో పెట్టుకుని కూచున్నాను. నా పళ్లు టకటకలాడుతున్నాయి, చలికో భయానికో.

"అరవలేకపోయావా? రోడ్డు మీద ఎవరైనా..."

"ఆదివారం పొద్దున ఎవర్ని లేపుతాం," అంది. మా వైపు వాళ్లం అంతే.

దూరంగా సైరను వినిపించింది. నేను వినిపించుకోకపోయినా స్టాంకో పిలిచేశాడు.

కాలి ఎముక రెండు చోట్ల విరిగింది. కాలు మాత్రం దక్కింది. ఆరు వారాలు పునరావాస కేంద్రంలో ఉండాలన్నారు. తలుపు బాగు చెయ్యడానికి వచ్చిన మనిషి కాఫీ డబ్బా తెరిచి, ఆ టేపు చుట్టిన కళ్లు చూసి, "ఇదెవరు చేశారండీ?" అని అడిగాడు. నేనే అన్నాను. ఇంకేమీ అడగలేదు, పుణ్యాత్ముడు.

రోజూ మధ్యాహ్నం మార్లిస్ దగ్గరికి వెళతాను. తిరిగి వచ్చేటప్పుడు కిటికీ దగ్గర చక్రాల కుర్చీలో కూచుని ఉంటుంది. నిన్న బండి తిప్పుతూ చూస్తే చెయ్యి ఊపుతోంది. బండి అక్కడే ఆపేశాను. ఇంజను కట్టేసి, మంచులో పడుతూ లేస్తూ, రెండంతస్తుల మెట్లెక్కి రొప్పుతూ ఆమె గదిలోకి వెళ్లాను.

"ఏంటి? ఏమైంది?"

మార్లిస్ నన్ను ఎగాదిగా చూసింది.

"ఏం లేదు," అంది. "టాటా చెప్పాను."

నేను కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూచున్నాను. సాయంత్రం భోజనం ట్రే తెచ్చేదాకా అక్కణ్ణుంచి లేవలేదు.