ఆరిన్ హాస్కెల్ వేయని ఓటు

ఎడమచేతికి మిగిలినవి బొటనవేలూ చిటికెనవేలూ. ఆ రెంటితోనే ఆరిన్ హాస్కెల్ కాలరు గుండీ పెట్టుకుంటున్నాడు. శాసనసభ జరిగే రోజుల్లో రాష్ట్ర రాజధాని మాంట్‌పీలియర్‌లోని ఈ పూటకూళ్ళ ఇంట్లోనే పన్నెండేళ్ళుగా అతని మకాం. సభలో అతని నోట "అవును", "కాదు" తప్ప మూడో మాట విన్నవాడు లేడు. ఊరివాళ్ళు "మన మూగ మెంబరు" అని నవ్వుతూనే మళ్ళీ మళ్ళీ గెలిపించారు. ఇంక చాలు, ఇదే ఆఖరు అనుకున్నాడు. పోయేముందు ఒకే ఒక్క బిల్లు పెట్టాడు, సామిల్లు రంపాలకు ఇనుప తొడుగులుండాలని. ఈరోజే ఓటింగు.

పక్కగదిలో లూషియస్ పెటెంగిల్ దగ్గుతున్నాడు. ఆరిన్ మూడు వేళ్ళూ తిన్న మిల్లు అతనిదే. సభలో ఎదుటి పక్షం; భోజనాల దగ్గర మాత్రం ఇద్దరిదీ ఒకే బల్ల. ఆరిన్ అతని గదిలోకి వెళ్ళాడు.

"నా రంపాలకి ముసుగేస్తావుటగా, ముందు నాకా దుప్పటి కప్పవోయ్."

"ఒళ్ళు కాలిపోతోందండీ మీకు."

"లేవలేను ఆరిన్. ఇవాళ్టికి నాతో జత కట్టు."

ఒకడు జబ్బుపడి సభకు రాలేకపోతే, ఎదుటి పక్షంవాడొకడు తానూ ఓటు వేయనని మాటివ్వడం అక్కడి ఆనవాయితీ. కాగితం లేదు, సాక్షి లేడు. బిల్లుకు ఎలాగూ ఆరు ఓట్లు ఎక్కువున్నాయని లెక్క. ఆరిన్ సరేనన్నాడు.

మధ్యాహ్నం పన్నెండింటికి గుమాస్తా పేర్లు పిలుస్తుంటే మనవాళ్ళనుకున్నవాళ్ళు ఒక్కొక్కరే జారిపోయారు. మిల్లు యజమానులు ఎవరి చెవిలో ఏం ఊదారో! చివరికి రెండువైపులా నూట ఎనిమిది. సమానమైతే బిల్లు వీగినట్టే. పలకనివాళ్ళ పేర్లు మళ్ళీ పిలిచారు.

"ఓటెయ్యవయ్యా! మంచంలో ఉన్నవాడు లేచొచ్చి అడుగుతాడా?" పక్కసీటు ఎమరీ మోచేత్తో పొడిచాడు.

ఈ చలికాలమే భుజందాకా చెయ్యి పోగొట్టుకున్న పొరుగింటి జోయెల్ ఆరిన్ కళ్ళముందు మెదిలాడు. లేచి నిలబడ్డాడు.

"నేను పెటెంగిల్ గారితో జతండి. ఆయనుంటే వద్దనేవారు, నేను కావాలనేవాణ్ణి. ఓటెయ్యను."

పన్నెండేళ్ళలో అతను చేసిన ఉపన్యాసం అదే. బిల్లు వీగిపోయింది.

పూటకూళ్ళ ఇంటి యజమానురాలు మిసెస్ టటిల్ గుమ్మంలోనే ఎదురైంది.

"పెటెంగిల్ గారు పోయారండీ. పదిన్నరకి. మీరు పనిలో ఉంటారు కదా, సాయంత్రం చెబుదాంలే అనుకున్నా."

చనిపోయినవాడితో జత ఉండదు. ఓటింగుకు గంటన్నర ముందే ఆరిన్ తానిచ్చిన మాటనుంచి విడుదలైపోయాడు. ఎవరిమీద కోప్పడాలో తెలియక ఏడుపొచ్చింది.

"ఆఖర్న ఏమన్నా అన్నారా?"

"బూట్లు తెమ్మన్నారండీ. 'వాడి బిల్లుకి వాడి ఓటే లేకపోతే ఎలా? నేనూ వెళ్ళి నా ఓటు నేనేస్తా, వాణ్ణి ఆ మాటనుంచి వదిలేస్తా' అన్నారు. వద్దన్నా వింటేగా!"

ఆరిన్ పెటెంగిల్ గదిలోకి వెళ్ళాడు. మంచం పక్కన ఆ బూట్లున్నాయి. ఒకదానికి లేసు పైదాకా ఎక్కించి ఉంది, రెండోదానికి సగందాకానే.