చేతి బరువు

మూడో గేరు నిలవనని మొండికేసి నెల రోజులైంది. పడటం పడేది. కారు కాస్త వేగం అందుకోగానే టక్కుమని న్యూట్రల్‌లోకి జారిపోయేది. పద్దెనిమిదేళ్ల కారు, ఆ మాత్రం అలుగుతుందిలే అని నేనూ సర్దుకుపోయాను. సోమవారం పొద్దున కొట్టుకి వెళ్తుంటే నడి కూడలిలో ఏ గేరూ పడక ఆగిపోయింది. వెనక బస్సువాడు హారన్ మీద నుంచి చెయ్యి తీయలేదు. నలుగురు వచ్చి కారుని పక్కకి తోశారు. తోసినందుకు తలా ఒక సలహా కూడా ఇచ్చి వెళ్లారు.

నాది కళ్లద్దాల కొట్టు. రోజంతా జనాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, అద్దాలు మారుస్తూ "ఇది బాగుందా? ఇదా?" అని అడగడం నా పని. అడిగేది నేనై ఉండాలి. ఎవరైనా నాకు చెప్పబోతే ఒళ్లు మండుతుంది.

మా మెకానిక్‌ని అందరూ వేదాంతి అంటారు. ఏ బండి తెచ్చినా బానెట్ ఎత్తకముందే "ఏదీ మనతో ఉండిపోదు సార్" అంటాడు. బిల్లు చెప్పే ముందు మనిషిని మెత్తబరచడానికే ఆ మాట అని నా అనుమానం. సోమవారమే కారుని తన షెడ్డుకి లాక్కెళ్లి, రెండ్రోజుల తర్వాత ఫోన్ చేసి రమ్మన్నాడు. మధ్యాహ్నం కొట్టు మూసి వెళ్లాను. షెడ్డులో బల్ల మీద గోనెపట్టా పరిచి, దాని మీద గేర్‌బాక్స్ విప్పి పెట్టాడు. పక్కన పళ్లెంలో నల్లటి ఆయిలు, అందులో సన్నటి ఇనప రజను మెరుస్తోంది.

"బాగుచేసే పని కాదు సార్. మొత్తం మార్చాల్సిందే. ఈ మోడల్‌కి కొత్తవి రావడం ఎప్పుడో మానేశాయి. ఏ తుక్కు కారులోనో మంచి బాక్సు చూసి, విప్పి, కడిగి, మనదానికి ఎక్కించాలి. ఎలాగూ దింపాం కాబట్టి క్లచ్ ప్లేట్లు కూడా వేసేయాలి. అంతా కలిపి ఎనభై వేలు."

"కారు అమ్మితే ఎంతొస్తుంది?"

"నడిచే కారైతే యాభై. అంటే మీరు గేర్‌బాక్స్ కొనుక్కుంటే కారు ఊరికే ఇచ్చినట్టు సార్," అన్నాడు. తన జోకుకి తనే నవ్వి, నేను నవ్వకపోయేసరికి గొంతు సవరించుకున్నాడు. "నన్నడిగితే తుక్కుకి ఇచ్చేయండి. కాగితాల మీద ఓనరు ఒక సంతకం పెడితే చాలు, వాళ్లే వచ్చి పట్టుకుపోతారు."

ఓనరు అంటే నేనే అనుకున్నాడు. కారు నా పేరున లేదు, మా ఆవిడ పేరున ఉంది. కొన్నప్పుడు బ్యాంకువాళ్లు ఆమె టీచరు జీతాన్ని నమ్మారు కానీ నా కళ్లద్దాల కొట్టుని నమ్మలేదు. ఆ ఓనరు ఇప్పుడు ఐదు గంటల దూరంలో వేరే ఊళ్లో ఉంది. మూడేళ్ల కిందట అక్కడి బడికి హెడ్మిస్ట్రెస్‌గా వెళ్లింది. మేం విడిపోలేదు, పోట్లాడుకోనూ లేదు. రమ్మని ఆమె అడగలేదు, అడిగితే వెళ్లేవాణ్ణే అని చుట్టాలకి చెబుతూ వచ్చాను. అది అబద్ధం. రెండుసార్లు అడిగింది. కొట్టు ఎవరు చూస్తారు అన్నాను, రెండుసార్లూ. మూడోసారి అడగలేదు.

సంతకం పెట్టిందంటే మా ఇద్దరికీ ఉమ్మడిగా మిగిలిన ఆ ఒక్కటీ పోతుంది. కారు లేకపోతే నాకు నష్టం లేదు, కొట్టు నడిచిపోయేంత దూరమే. ఆమెకి ఫోన్ చేసి కాగితాలు పంపనా అని అడగాలంటేనే నాకు భయం వేసింది. సరే అంటుందేమోనని.

వేదాంతి గేర్‌బాక్స్‌లోంచి చిన్న ఇనప ముక్క తీసి నా చేతిలో పెట్టాడు. రెండు కాళ్ల పట్టకారులా ఉంది. ఒక కాలు సగానికి సగం అరిగిపోయింది.

"దీన్ని ఫోర్కు అంటాం. గేరుని పట్టి జరిపేది ఇదే. జరిపాక దీనికి పని లేదు, వదులుగా ఉండాలి. మీరేమో గేరు రాడ్డు మీద చెయ్యి వేసుకునే నడుపుతారు. ఆ బరువుకి ఇది తిరిగే గేరుకి ఒరుసుకుంటూనే ఉంటుంది. ఎవరు సార్ నేర్పింది మీకు డ్రైవింగు?"

"నేనే నేర్చుకున్నాను."

"అదీ సంగతి. అయినా ఒక చెయ్యికి ఇంత అరగదు సార్. పైన ఏదో మూట పెట్టుకుని తిరిగినట్టున్నారు."

ఆ ముక్కని బల్ల మీద పెట్టేశాను. కారు కొన్న కొత్తలో ఆమెకి కూడా నడపాలని ఉండేది. గేర్లు ఎప్పుడు మారుస్తారో తెలుస్తుందని నా చెయ్యి మీద చెయ్యి వేసి కూర్చునేది. నెల తిరక్కుండా ఆమెకి లైసెన్సు వచ్చింది. ఆ తర్వాత ఒక్కసారి కూడా స్టీరింగ్ పట్టలేదు కానీ ఆ చెయ్యి మాత్రం అక్కడే ఉండిపోయింది. బజారుకి వెళ్లినా, ఆస్పత్రికి వెళ్లినా అంతే. కోపంగా ఉంటే చెయ్యి బరువుగా ఉండేది. నిద్రపోతే ఇంకా బరువు. పదిహేనేళ్లు నా చెయ్యి నాకు కనిపించలేదు. ఆమెని స్టేషన్లో దింపిన రోజు ముందు సీటు నిండా ఆమె పుస్తకాల పెట్టెలు పెట్టింది నేనే. ఆమె వెనక కూర్చుంది. ఆ రోజు నుంచి ఈ సోమవారం దాకా, రాడ్డు మీద నుంచి చెయ్యి తీయడం నా వల్ల కాలేదు.

షెడ్డు బయటికొచ్చి ఫోన్ చేశాను. బడిలో భోజనాల వేళ అయినట్టుంది, పిల్లల గోల వినిపించింది.

"చెప్పండి," అంది. ఒకప్పుడు "ఏవండీ" అనేది. ఇప్పుడు బ్యాంకువాళ్లతో మాట్లాడినట్టు మాట్లాడుతుంది.

కారు ఆగిపోయిందని చెప్పాను, ఖర్చు చెప్పాను.

"ఎనభై వేలా? తుక్కుకి ఇచ్చేయకూడదూ. కాగితాలు పంపండి, సంతకం పెట్టి పంపిస్తాను."

నేను భయపడ్డ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో. ఇక ఫోన్ పెట్టేయొచ్చు. పెట్టలేదు. ఎందుకు పాడైందో కూడా చెప్పాను. ఫోర్కు సంగతి, రాడ్డు మీద చెయ్యి సంగతి.

"ఒక చేతి బరువు కాదన్నాడు," అన్నాను.

అటువైపు పిల్లల గోల దూరమైంది. ఏదో గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నట్టుంది.

"మీరేమన్నారు?"

"ఏమీ అనలేదు."

"మీరెప్పుడూ అంతే," అంది. మళ్లీ తనే అంది. "మార్పించండి. సగం నేనిస్తాను. సగం బరువు నాదేగా."

"డబ్బు కోసం ఫోన్ చేయలేదు. నువ్వు లేకుండా నాకు బాగాలేదు. కొట్టు అమ్మేసి రమ్మంటే వస్తాను."

ఈ మాట మూడేళ్ల కిందట అనాల్సింది. ఆ సంగతి నాకు తెలుసు, ఆమెకీ తెలుసు. ఆమె ఊపిరిని బట్టి ఏడుస్తోందో, ఆలోచిస్తోందో కనుక్కోలేకపోయాను.

"రమ్మని మూడోసారి అడిగే ఓపిక నాకు లేదండీ," అంది చివరికి. "ఇవాళ్టికి సగం ఖర్చు ఇవ్వగలను. ఇంకేమైనా ఇవ్వగలనో లేదో నాకే తెలీదు."

సరేనన్నాను. ఆ సగం నాకు చాలదు. కానీ మూడేళ్లలో ఆమె నాకు ఏదైనా ఇస్తానంది ఇదే మొదలు, వద్దనలేకపోయాను.