మూల మడిగె మీది ఎండ

బస్టాండు ఎదురుగా అద్దెకున్న మూల మడిగె, ఆ దుకాణం గది, వదిలేసి వెనక గల్లీలోకి వచ్చిన నాటి నుంచి మల్లీశ్వరి మ్యాచింగ్ సెంటరుకు ఎండ ముఖం చూసే యోగం లేదు. జాకెట్ ముక్కలు, లైనింగులు, ఫాల్స్ అమ్మే దుకాణానికి ఎండతో ఏం పని అని మగవాళ్లు అడుగుతారు. ఆడవాళ్లు అడగరు. చీర కొంగు పక్కన జాకెట్ ముక్క పెట్టి, పగటి వెలుతురులోకి తెచ్చి చూస్తే గాని రంగు కలిసిందో లేదో తేలదు. ట్యూబ్‌లైటు కింద వంకాయ రంగూ నేరేడు రంగూ ఒక్కటే. ఇంటికి పోయాక మాత్రం ఒక్కటి కావు. మర్నాడు ఆ ముక్క తిరిగి దుకాణానికి వస్తుంది, దాంతోపాటు కొన్నావిడ కూడా మూతి ముడుచుకుని వస్తుంది.

ఆ మడిగెను ఎవరూ లాక్కోలేదు. తనే ఇచ్చింది. మహిపాల్ అడిగాడని ఇచ్చింది.

మహిపాల్ ఆమెకు తోడబుట్టినవాడు కాదు. తోడబుట్టినవాడి కంటే ఎక్కువని నలుగురిలో తనే చెప్పుకుంటుంది. ఇద్దరిదీ ఒకే ఊరు, నాగల్‌గిద్ద. ఆయన సర్కారు బడిలో పంతులై నారాయణఖేడ్‌లో ఇల్లు కట్టుకున్నాడు. ఈమె అంబదాస్‌ను చేసుకుని ఖేడ్‌కు కాపురానికి వచ్చింది. అంబదాస్ సిర్గాపూర్ రూటులో ఆటో నడుపుతాడు. ఆటో మీద వచ్చేది తిండికే సరిపోతోందని ఈమె దుకాణం పెట్టబోతే, హైదరాబాదు హోల్‌సేల్ సేటు ముఖం తెలియని మనిషికి సరుకు ఉద్దెర ఇచ్చేది లేదన్నాడు. అప్పుడు ముందుకొచ్చిన మనిషి మహిపాల్.

"పైసల ఫికర్ నీకెందుకు చెల్లె. ఏం కావాల్నో రాసియ్యి, నేను కడత. అమ్ముకున్నంక ఇయ్యి," అన్నాడు.

అప్పటి నుంచి ప్రతి నెలా అదే పద్ధతి. ఈమె ఏ రంగులు ఎన్ని కావాలో చెబుతుంది, ఆయన ఫోన్‌లోనే సేటుకు డబ్బు కడతాడు, మూటలు ఆర్టీసీ కార్గోలో డిపోకు వస్తాయి. మరుసటి నెల పదో తారీకు లోపల ఈమె మొత్తం తెచ్చి ఆయన చేతిలో పెడుతుంది. వడ్డీ అనే మాట ఆయన నోట ఒక్కనాడూ రాలేదు.

వచ్చిన మాటలు వేరే. "ఈ నెల జీతమంత నీ సరుకుకే పాయె. ఏం గాదు తీ, సర్దుకుంటం." "పిల్లగాని ఫీజు వచ్చే నెల కడతనని బడిల చెప్పిన." చెప్పీ చెప్పనట్టు, నవ్వుతూ అనేవాడు. తన లైనింగు గుడ్డల కోసం ఒక పిల్లవాడు ఫీజు కట్టకుండా బడిలో తల వంచుకు కూర్చున్నాడనుకుంటే మల్లీశ్వరికి అన్నం దిగేది కాదు. ఒకసారి పదో తారీకుకు డబ్బు అందకపోతే చెవి కమ్మలు కుదువ పెట్టి తెచ్చి ఇచ్చింది. ఆయన భార్య నిరోషకు జాకెట్ ముక్కలు ఉత్తగానే ఇచ్చేది. రాఖీ పౌర్ణమి నాడు సొంత తమ్ముడి కంటే ముందు ఆయన చేతికే కట్టేది.

నిరుడు ఆయన బామ్మర్ది దుర్గేశ్ సెల్‌ఫోన్ల దుకాణం పెడతానన్నాడు. "బస్టాండు ముంగటైతే పిల్లగాడు బతుకుతడు చెల్లె. నీ గిరాకీదేముంది, నువ్వు ఏడున్నా వెతుక్కుంట వస్తరు," అన్నాడు మహిపాల్. అంబదాస్ వద్దే వద్దన్నాడు. ఈమె వినలేదు. కన్నకొడుకు ఫీజు ఆపుకుని సరుకు తెప్పించిన మనిషికి ఒక మడిగె ఇవ్వలేనా అనుకుంది. అద్దె కాగితం దుర్గేశ్ పేరు మీదికి మారిపోయింది. అతను వచ్చీ రాగానే చేసిన మొదటి పని, దుకాణం ముందు పెద్ద ఫ్లెక్సీ వేలాడదీయడం. ఎండ పడితే ఫోన్ల మీద ఏమీ కనిపించదట.

ఈ ఏడు బతుకమ్మ పండుగ దగ్గర పడుతుంటే మల్లీశ్వరికి కొత్త దిగులు పట్టుకుంది. పండుగకు మామూలు కంటే రెండింతల సరుకు కావాలి. గల్లీకి వచ్చాక పోయిన గిరాకీని పండుగ సీజన్‌లోనైనా తిరిగి పట్టుకోకపోతే దుకాణం మూసుకోవడమే. కానీ రెండింతలు కట్టమని అన్నను ఏ మొహం పెట్టుకుని అడగడం?

సరిగ్గా అప్పుడే లైనింగు కొనడానికి వచ్చిన సుహాసిని క్రెడిట్ కార్డు సంగతి ఎత్తింది. ఆమె పరపతి సంఘం ఆఫీసులో పని చేస్తుంది. ఖేడ్‌లో అందరూ దాన్ని సొసైటీ అంటారు. ఇన్నాళ్లూ ఉద్యోగులకే పరిమితమైన ఆ సొసైటీ ఇప్పుడు చిన్న దుకాణదార్లను కూడా చేర్చుకుంటోంది. చేరినవాళ్లకు కార్డు ఇస్తారు. పాత సభ్యుడొకరు, ఈ మనిషి మాకు తెలుసని సంతకం పెడితే చాలు.

మల్లీశ్వరికి తెలిసిన పాత సభ్యుడు ఒక్కడే. ఆయన దగ్గరికే ఫారం పట్టుకుపోయింది.

"కార్డా? అది ఉరితాడు చెల్లె," అన్నాడు మహిపాల్. "కార్డు గీకుడు మరిగినోడు ఎవడు బాగుపడ్డడు చెప్పు. నేనుండంగ నీకు అదెందుకు?"

ఇంకొకరైతే అక్కడితో ఊరుకునేవారు. ఈమె ఊరుకోలేదు. కార్డు మీద మోజుండి కాదు, అన్న నెత్తి మీది బరువు దించుదామని. ఏ సంగతీ తేల్చుకోకుండా వదిలే మనిషి కాదు కాబట్టి, మధ్యాహ్నం గిరాకీ లేని వేళ షట్టరు దించి సొసైటీకి నడిచింది.

సుహాసిని కుర్చీ వేసి కూర్చోబెట్టింది. "ఏం కొన్నా ఒక్కటే లెక్క అక్కా. నూటికి రూపాయిన్నర వాపస్ వస్తది. బయటి కార్డులైతే పెట్రోల్‌కు ఒక లెక్క, సినిమాలకు ఒక లెక్క. మీ అసొంటి దుకాణపోళ్లకు ఆ తిప్పలెందుకు, ఇదే మంచిది."

"వాపస్ ఇచ్చేటోళ్లు ఉత్తగ ఇయ్యరు కద. మెలిక ఏడున్నది?"

సుహాసిని నవ్వింది. "ఏడాదికి ఒకసారి ఫీజు ఉంటది. ఇంకోటి, బిల్లు తారీకు దాటొద్దు. దాటితే పడే వడ్డీకి ఈ రూపాయిన్నర ఏ మూలకూ రాదు."

"తారీకు ఎప్పుడు?"

"ఒక నెల కొన్నది వచ్చే నెల పదో తారీకు లోపల కట్టాలె."

పదో తారీకు. మల్లీశ్వరి కొంగుతో మొహం తుడుచుకుంది. "అప్పటిదాంక వడ్డీ లేదా?"

"లేదక్కా."

"మరి అన్ని రోజులు సేటుకు కట్టిన పైసలు ఎవరివి? కార్డు ఉన్నోళ్ల జీతంల కెల్లి పట్టుకోరా?"

"జీతమెందుకు పోతది? సొసైటీ పైసలే. మీరు తెచ్చి కడితేనే మీవి."

మల్లీశ్వరి చూపు సుహాసిని తల మీదుగా గోడకు పోయింది. అక్కడ పటం కట్టిన ఫోటో ఉంది. భుజాల మీద శాలువా, చేతిలో మెమెంటో, పళ్లన్నీ కనిపించే నవ్వు. మహిపాల్.

"మా అన్నకు సన్మానం ఎందుకు చేసిండ్రు?" అంది.

"నిరుడు అందరికంటె ఎక్కువ కార్డు వాడినందుకక్కా. సార్ నెలనెలా హైదరాబాదు బట్టల హోల్‌సేల్‌ల వాడుతడు కద. మీకు తెల్వదా? మీ సరుకే అనుకున్న నేను." పోయిన దసరాకు, వాపస్ వచ్చిన డబ్బుతో సార్ పెద్ద ఫ్రిజ్ కొన్నాడని కూడా పాపం ఆ పిల్ల సంబరంగా చెప్పింది.

మల్లీశ్వరికి ఆ ఫ్రిజ్ తెలుసు. దానికి పసుపు బొట్టు పెట్టింది తనే. నిరోష రమ్మంటే పోయి, బొట్టు పెట్టి, చల్లని నీళ్లు తాగి, ఇంత ఖర్చు పెట్టుకుని కూడా అన్న నా సరుకు ఆపలేదని కళ్లనీళ్లు పెట్టుకుని వచ్చింది. ఇప్పుడు అది గుర్తొస్తే ఒళ్లంతా మండింది. మోసం చేసినవాడి మీద కంటే, కళ్లనీళ్లు పెట్టుకున్న తన మీదే ముందు కోపం వచ్చింది.

ఆదివారం ఫారం పట్టుకుని ఆయన ఇంటికి పోయింది. నిరోష చాయ్ తెచ్చి ముందు పెట్టింది.

"అన్నా, ఇన్నేండ్లు నా సరుకుకు కట్టిన పైసలు ఎవరివి?"

మహిపాల్ చాయ్ ఊదుకుంటూ ఆగాడు. "కార్డు మీద కట్టిన. ఎందుకు?"

"జీతం అన్నవు."

"జీతం చూసే కద వాళ్లు కార్డు ఇచ్చింది."

"పిల్లగాని ఫీజు ఆపిన అన్నవు."

గుమ్మంలో నిలబడ్డ నిరోష మధ్యలో అందుకుంది. "ఫీజా? మనం ఫీజు ఎన్నడు ఆపినం?"

"నువ్వు లోపటికి పో," అన్నాడు మహిపాల్. ఆమె పోలేదు. ఆయన మల్లీశ్వరి వైపు తిరిగి, పాఠం చెప్పే గొంతు తెచ్చుకున్నాడు. "నీకు ఒక్క రూపాయి నష్టమైందా చెప్పు. సేటు ఎంతన్నడో గంతే తీసుకున్న. వడ్డీ అడిగిన్నా?"

"లేదు."

"మరి గింత దానికి ఇంటి మీదికి వచ్చినవా?"

"వాపస్ వచ్చింది తిన్నవని రాలే అన్నా. ముందే చెప్తే నువ్వే ఉంచుకో అంటుంటి. నీ పేరు మీద సరుకు ఇప్పిచ్చినవు, అది మేలే. కాని నా ముంగట లేని కష్టం పడ్డట్టు చూపిచ్చినవు. ఆ కష్టం చూసి నేను మడిగె ఇచ్చిన." ఫారం చాయ్ కప్పు పక్కన పెట్టింది. "పైసలేం వద్దు. దుర్గేశ్‌తోని చెప్పి నా మడిగె నాకు ఇప్పియ్యి."

"గదెట్ల అయితది చెల్లె. వాడు మనోడు."

ఆ మాట ఆయన ఆలోచించి అనలేదు. అందుకే అది నిజమని ఆమెకు తెలిసింది. ఇన్ని రాఖీలు కట్టినా, ఆ 'మన'లో తను ఎన్నడూ లేదు.

మహిపాల్‌కు కూడా ఏదో తగిలినట్టుంది. గబగబా ఫారం లాక్కుని సంతకం పెట్టి ఆమె ముందుకు తోశాడు. "కార్డే కద నీకు కావాల్సింది. ఇగో, ఇది కూడ చేసిన. యాది పెట్టుకో."

మల్లీశ్వరికి ఆ కాగితం ఆయన మొహాన కొట్టాలనిపించింది. కానీ పండుగ సరుకు కావాలి. మడత పెట్టి జాకెట్‌లో దోపుకుంది. "దీన్ని మేలు కింద లెక్క పెట్టకు అన్నా," అని లేచింది. చాయ్ ముట్టలేదు. నిరోష ఇంకా గుమ్మంలోనే నిలబడి మొగుడి వంక చూస్తోంది.

మర్నాడు పొద్దున్నే భాగ్య అనే ఆవిడ పండుగ చీర పట్టుకుని గల్లీలోకి వచ్చింది. దానిమ్మ గింజ ఎరుపు. ఎన్ని ముక్కలు తీసినా ట్యూబ్‌లైటు కింద అన్నీ ఒకేలా ఉన్నాయి. "వెలుతురుల చూద్దాం పా," అని మల్లీశ్వరి నాలుగు ముక్కలు భుజాన వేసుకుని ఆమెను బస్టాండు ముందుకు తీసుకొచ్చింది. మూల మడిగె మెట్టు ఎక్కి, ఫ్లెక్సీ అంచు పట్టుకుని పక్కకు లాగింది. పొద్దుటి ఎండ నేరుగా లోపలికి వచ్చి చీర కొంగు మీద, అద్దాల పెట్టెలోని ఫోన్ల మీద పడింది.

"అక్కా, జర పక్కకు జరుగు. ఫోన్ల మీద ఎండ పడుతున్నది," అన్నాడు దుర్గేశ్ తల ఎత్తకుండానే.

ఎప్పుడు ఇటు వచ్చినా అతను అదే అంటాడు. ఎప్పుడు అన్నా ఆమె, తన మడిగె ముందే, తప్పు చేసినదానిలా పక్కకు జరిగేది.

"పడనియ్యి తమ్మీ," అంది మల్లీశ్వరి. ఎర్ర ముక్కను ఇంకొంచెం పైకెత్తి పట్టుకుంది.