ముప్పై మూడు మైళ్ళు

నా అంబాసిడర్ గ్యాలనుకు ఇరవై తొమ్మిది మైళ్ళు ఇచ్చేది. ఈ మాట నేను ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. అడిగినవాళ్ళకు చెప్పాను, అడగనివాళ్ళకు ఇంకా వివరంగా చెప్పాను. బెంగళూరు కబ్బన్‌పేటలో మా పట్టునూలు అంగడికి వచ్చే నేతగాళ్ళు నూలు ధర అడిగేలోపల నా కారు మైలేజీ వినాల్సి వచ్చేది. వాళ్ళలో చాలామందికి సైకిలు కూడా లేదు. అయినా పాపం, శ్రద్ధగా తల ఊపేవారు.

ఆ కారును 1959లో ఒక మిలిటరీ ఆఫీసరు దగ్గర సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. బరువైన బండి. స్టీరింగు తిప్పాలంటే భుజాలు నొప్పి పుట్టేవి. మిట్ట ఎక్కేటప్పుడు గేరు మార్చడం ఒక్క క్షణం ఆలస్యమైతే మూలుగుతూ నిలబడిపోయేది. కానీ సమంగా ఉన్న రోడ్డు మీద ముప్పై మైళ్ళ వేగంతో పోతుంటే ఒళ్ళో కాఫీ గ్లాసు పెట్టుకున్నా తొణకదు. ముప్పై దాటితే మాత్రం పెట్రోలు తాగుడు ఎక్కువ. అందుకని నేను ముప్పై దాటేవాణ్ణి కాదు. ఎద్దుల బండి తప్ప మిగతావన్నీ నన్ను దాటుకొని పోయేవి, పోనీలే అనుకునేవాణ్ణి.

ఆదివారం పొద్దున బసవనగుడిలో ఒక హోటలు ముందు మా కార్లవాళ్ళ గుంపు చేరేది. ఐదారుగురం ఉండేవాళ్ళం. దోసెలు తిని, కాఫీ తాగి, ఎవరి బండి ఎంత ఇచ్చిందో చెప్పుకోవడమే పని. ట్యాంకు మూతదాకా నింపించి, మీటరు చూసిపెట్టుకొని, మళ్ళీ నింపేటప్పుడు ఎన్ని గ్యాలన్లు పట్టిందో చూసి భాగించాలి. అదే మా పద్ధతి. పిండిమిల్లు ఆవులప్పది ఫియట్. చిన్న బండి, తేలిక బండి, ముప్పై రెండు ఇచ్చేది. దానికీ నా బండికీ పోలిక లేదని నాకు తెలుసు, ఆవులప్పకూ తెలుసు. అయినా ఆ మూడు మైళ్ళు నా ప్రాణం తోడేసేవి.

దానికోసం చేయని పని లేదు. పల్లం కనిపిస్తే చాలు, ఇంజను ఆపేసి బండిని వట్టిగా దొర్లించేవాణ్ణి. అత్తగారు ప్రేమగా ఇచ్చిన పనసపండును బరువని వద్దన్నాను. ఒకసారి ఎలహంక దగ్గర మిట్ట ఎక్కుతుంటే నా భార్య సొన్నమ్మను దింపి కాస్త దూరం నడిపిస్తే ఎలా ఉంటుందని కూడా అనిపించింది. పైకి అనలేదు. మనసులో అనుకున్న మాట మాత్రం నిజం.

సొన్నమ్మ పుట్టిల్లు దొడ్డబళ్ళాపురం. మామగారు పోయాక అత్తగారు ఒంటరిగా ఉండేది. ఏళ్ళ తరబడి మగ్గం గుంటలో కూర్చొని నేసిన మనిషి, మోకాళ్ళు పట్టేశాయి. ఆమెకు సొన్నమ్మ ఒక్కతే బిడ్డ. ఇంటిపని ముగించుకొని బస్సులో పోతే అదే రోజు తిరిగి రావడం కుదరదు. రాత్రి బయట ఉండడానికి మా అమ్మ ఒప్పుకోదు. నేను తీసుకుపోవాలంటే రానూపోనూ యాభై మైళ్ళు. రెండు నెలలకొకసారి తీసుకుపోతే అదే గొప్పన్నట్టు ఉండేవాణ్ణి.

1960లో ఒక రోజు అన్నం వడ్డిస్తూ, సొన్నమ్మ తనకు కారు తోలడం నేర్పమని అడిగింది. నేర్చుకుంటే శుక్రవారం పొద్దున పోయి, అమ్మకు తలకు పోసి, ఇంత వండిపెట్టి, దీపాలవేళకు ఇల్లు చేరుకోవచ్చని లెక్క వేసుకుంది. నాకు నవ్వొచ్చింది. రెండు రోజులు భుజాలు నొప్పెడితే తనే మానుకుంటుందిలే అనుకొని సరేనన్నాను.

మానుకోలేదు. తెల్లవారగానే హోసూరు రోడ్డు మీద మడివాళ దాకా పోయేవాళ్ళం. అప్పుడక్కడ రాగి చేలు తప్ప ఏమీ లేవు. మొదటిరోజే నాకు ఒక సంగతి అర్థమైంది. క్లచ్చి వదిలేటప్పుడు కొత్తవాళ్ళ చేతిలో బండి కప్పలా దూకుతుంది. సొన్నమ్మ వదిలితే కదిలిందో లేదో తెలియకుండా కదిలేది. పదేళ్ళ వయసు నుంచి మగ్గం మీద కాలికింది చెక్కలు తొక్కిన మనిషి. ఎంత తొక్కాలో, ఎప్పుడు వదలాలో ఆ పాదానికి వేరే చెప్పనక్కర్లేదు. పెట్రోలు పెడలు మీద కాలు పెడితే పెట్టినట్టే ఉండదు. నేను మాత్రం మెచ్చుకోలేదు. స్టీరింగు గట్టిగా పట్టుకో, అద్దం చూసుకో అని కసురుతూనే ఉన్నాను.

రెండు నెలలకు లైసెన్సు పరీక్షకు తారీఖు ఇచ్చారు. ఆ మధ్యలో నేను అంగడి మెట్ల మీద జారి కుడి చీలమండ బెణికించుకున్నాను. మూడు వారాలు నేల మీద కాలు ఆనించలేని పరిస్థితి. ఎల్ బోర్డు కట్టుకొని, నన్ను పక్కన కూర్చోబెట్టుకొని, అంగడికీ గిరాకీల ఇళ్ళకూ సొన్నమ్మే తోలింది. పల్లంలో ఇంజను ఆపమంటే భయమని ఆపేది కాదు. అవసరమైతే నలభైలో కూడా పోనిచ్చేది. నేను పళ్ళు నూరుకుంటూ మీటరు వంక చూస్తూ కూర్చునేవాణ్ణి.

మూడో శనివారం బంకులో ట్యాంకు నింపించాం. ఇల్లు చేరి, నేనొక్కణ్ణే కూర్చొని భాగించాను. ముప్పై మూడు వచ్చింది. తప్పు చేశాననుకొని మళ్ళీ చేశాను. మళ్ళీ అంతే. నా కిటుకుల్లో ఒక్కటీ లేకుండా, నా బండి, నాకెన్నడూ ఇవ్వని మైలేజీ ఆమెకిచ్చింది. సంతోషించాల్సిన మాటే కదా. నాకు ఒళ్ళు మండింది.

మరునాడు ఆవులప్ప తన ఫియట్‌లో వచ్చి నన్ను హోటలుకు ఎక్కించుకుపోయాడు. దోసె ఇంకా రాలేదు, నా నోట్లోంచి ముప్పై మూడు వచ్చేసింది. ఎవరు తోలారో చెప్పలేదు. అందరూ ఒక్కసారి నా వైపు తిరిగారు. ఆ కాలితో ఎట్లా తోలావని ఆవులప్ప అడిగాడు. కాలు బెణకక ముందు తోలిన ట్యాంకని చెప్పాను. అంత సులువుగా అబద్ధం చెప్పగలనని అప్పటిదాకా నాకే తెలియదు. ఆవులప్ప లేచి నా చెయ్యి పట్టుకొని ఊపాడు. ఆ పూట నన్ను దోసెలకు డబ్బు ఇవ్వనివ్వలేదు.

సాయంత్రం సొన్నమ్మ నా కాలికి వేడినీళ్ళ గుడ్డ కడుతూ అడిగింది.

"నేను తోలిన ట్యాంకు ఎంత ఇచ్చె?"

ఆమె తోలుతూ ఉంటే ఏదో ఒక రోజు ఆవులప్పకు తెలుస్తుంది. నలుగురిలో నా పరువు పోతుంది. ఆ క్షణంలో నాకు కనిపించింది అంతే.

"ఇరవై రెండు" అన్నాను.

ఆమె గుడ్డను ఇంకో చుట్టు చుట్టింది. నేనే మాట్లాడుతూ పోయాను. నేర్చుకునేవాళ్ళ చేతిలో బండి ఇట్లాగే తాగుతుందనీ, క్లచ్చి ప్లేటు అరిగిపోతే కష్టమనీ, పరీక్ష ఇప్పుడు వద్దనీ, కాలు నయమయ్యాక ఎక్కడికి కావాలంటే అక్కడికి నేనే తీసుకుపోతాననీ చెప్పాను. ఆమె గుడ్డ ముడి వేసి, నీళ్ళు పారబోయడానికి పెరట్లోకి పోయింది. మళ్ళీ తోలుతానని అడగలేదు. పరీక్ష తారీఖు వచ్చింది, పోయింది.

నేనే తీసుకుపోతానన్న మాట ఎంతవరకు నిలబెట్టుకున్నానో చెప్పడానికి సిగ్గుగా ఉంది. అంగడి, పెళ్ళిళ్ళ సీజను, వాన, టైర్లు. మళ్ళీ రెండు నెలలకొకసారే. ఒకసారి మూడున్నర నెలలైంది.

1964లో అత్తగారు పోయింది. రెండు రోజులు జ్వరం, అంతే. కబురు తెలిసి పోయేసరికి అంతా అయిపోయింది. పదో రోజున ఎదురింటి ముసలామె నన్ను పక్కకు పిలిచి, మీకు తెలుసో లేదో అంటూ ఒక మాట చెప్పింది. కూతురు తనే కారు తోలుకుంటూ శుక్రవారం శుక్రవారం వస్తుందని అత్తగారు వీధి వీధంతా చెప్పుకుందట. ఇక వస్తుందని శుక్రవారం పూట తల దువ్వుకొని అరుగు మీద కూర్చునేదట. ఎన్నాళ్ళ కిందటి మాట అని అడిగాను. నాలుగేళ్ళవుతుందేమో, తర్వాత తర్వాత కూర్చోవడం మానేసిందిలే, అంది. నేను ఆ మాట సొన్నమ్మకు చెప్పలేదు. ఆమెకు ముందే తెలుసేమోనని కూడా అనిపించింది, అడిగే ధైర్యం లేదు. 

ఆ తర్వాత ఆదివారాలు హోటలుకు పోవడం నాకే తగ్గిపోయింది. ఎవరైనా మైలేజీ ఎత్తితే మాట మార్చేవాణ్ణి. చెప్పేయాలని చాలాసార్లు అనుకున్నాను. అన్నం ముందు అనుకుంటే, తిన్నాక చెబుదామనిపించేది. తిన్నాక నిద్ర వచ్చేది. మూడేళ్ళు ఇట్లాగే జరిగిపోయాయి.

1967లో ఆవులప్ప ఫియట్ అమ్మేసి, ఆ సంగతి చెప్పడానికి మా ఇంటికి వచ్చాడు. సొన్నమ్మ కాఫీ తెచ్చి, గుమ్మం దగ్గర నిలబడింది. ఆవులప్ప నా భుజం తట్టి, ఆమె వైపు తిరిగి నవ్వాడు.

"ఏమమ్మా, ఎన్ని బండ్లు వచ్చినా మా పాపయ్య ముప్పై మూడును ఎవడూ కొట్టలేకపాయె. కాలంటే ఆయప్పదే కాలు."

సొన్నమ్మ నా వైపు చూడలేదు. ఇంకొంచెం కాఫీ కావాలా అని ఆవులప్పను అడిగింది. అతను వద్దని, కాసేపు కూర్చొని వెళ్ళిపోయాడు. ఇప్పుడు కూడా చెప్పకపోతే నేను మనిషినే కాదనిపించింది.

"ఆ ముప్పై మూడు నీది, సొన్నా. నీకు ఇరవై రెండని అబద్ధం చెప్పినాను" అన్నాను.

"తెల్సు" అంది. బల్ల మీది గ్లాసులు సర్దుతూనే ఉంది. "బంకులో ఐదు గ్యాలన్లు పట్టె. మీటరు నూటా అరవై ఐదు తిరిగిండె. పోగులు లెక్కబెట్టి పెరిగినదాన్ని, ఆ మాత్రం భాగించలేనా?"

"మరి అప్పుడే అడగొచ్చు కదా?"

"అడిగితిని కదా. మీరు ఇరవై రెండంటిరి. రేపు చెప్తారు, ఎల్లుండి చెప్తారు అని చూస్తా ఉంటిని. మీ నోట్లోంచే రావల్ల అనుకుంటిని."

ఆమె గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నాకు బాగుండేది. లేచి పోయి, మేకుకు వేలాడుతున్న తాళంచెవి తెచ్చి ఆమె ముందు పెట్టాను. రేపటి నుంచే మళ్ళీ మొదలుపెడదామనీ, లైసెన్సు వచ్చేదాకా నేనే దగ్గరుండి చూస్తాననీ, ఎంత పెట్రోలు అయినా కానీ అనీ చెప్పాను. ఆ మాటలు చెబుతుంటే ఏడేళ్ళ బరువు దిగిపోతున్నట్టు అనిపించింది. అంత తెలివితక్కువవాణ్ణి.

ఆమె తాళంచెవిని ముట్టుకోలేదు.

"అప్పుడు మాయమ్మ ఉండె" అంది. "ఇప్పుడు నేర్చుకొని నేను యాడికి పోవల్ల?"

నేను తాళంచెవి తీసుకొని, మళ్ళీ మేకుకు తగిలించాను.